వంపు కూడా ఎత్తే: మేడమీది గదిలో ఒక హెలిక్స్

మోడల్ రైళ్ల లేఅవుట్‌ను రెండు అంతస్తుల్లో కట్టాలనుకున్న ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు ఒకే ప్రశ్న దగ్గర ఆగుతారు. కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు రైలు ఎలా ఎక్కాలి? నేరుగా ఎక్కించడానికి ఏ గదీ చాలదు. అందుకని పట్టాలను స్ప్రింగులా గుండ్రంగా చుట్టి, చుట్టు చుట్టుకూ కొంత ఎత్తు పెంచుతూ తీసుకుపోతారు. దాన్నే హెలిక్స్ అంటారు. సంక్రాంతి సకినాలను సందు వదిలి ఒకదాని మీద ఒకటి పేర్చి, కిందిదాని కొసను పైదాని మొదలుకు అతికించినట్టు ఊహించుకోండి. చూడడానికి ఏమంత కష్టం అనిపించదు. నా చేతుల్లో పడిన పనుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది మాత్రం ఇదే.

నాది హనుమకొండలో చిన్న వడ్రంగి వర్క్‌షాపు. కడుపు నింపేవి వంటగది అరలు, అల్మారాలు. మనసు నింపేవి రైళ్ల లేఅవుట్లు. ఇది కట్టించుకున్నాయన అనుమతితో రాస్తున్నాను. పేరు, వీధి వదిలేశాను. కొలతలు నా నోటుపుస్తకంలోవే.

నేపథ్యం

ఆయన కాజీపేటలో ఇంజిన్ నడిపి రిటైరైన వ్యక్తి. 1929లో బల్లార్షా వైపు లైను పూర్తయ్యాక ఢిల్లీ, మద్రాసు దారిలో పెద్ద కూడలిగా మారిన ఊరు అది; డీజిల్ షెడ్డూ ఎలక్ట్రిక్ షెడ్డూ రెండూ ఉన్నాయి. రిటైరైన డ్రైవర్లు వీధికొకరు దొరుకుతారు కాబట్టి ఇంతమాత్రం చెప్పినా ఆయనెవరో తెలిసిపోదు.

మేడమీద 12 అడుగులు, 10 అడుగుల రేకుల గది ఒకటి ఖాళీగా ఉంది. అందులో కింది అంతస్తు ఒక జంక్షన్. పై అంతస్తు రామగుండం దాటాక వచ్చే గోదావరి వంతెన, మంచిర్యాల వైపు అడవి. రెండింటి మధ్య ఎత్తు 400 మిల్లీమీటర్లు. రైళ్లు హెచ్‌వో స్కేలువి, అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 19 దాటుతుంది కాబట్టి ఈ కొలత మన రైళ్లకు కాస్త ఇరుకే. ఆ మాట ఎత్తితే ఆయన నవ్వేశారు. “మూడు మిల్లీమీటర్లు తగ్గినంత మాత్రాన నాకేం లోటు లేదు తమ్మీ. బండి ఎక్కాలి, అంతే.”

బండి ఎక్కడం లేదు. నన్ను పిలిచింది అందుకే.

మొదటి హెలిక్స్

నాకంటే ముందు ఇంకో వడ్రంగి ఒక హెలిక్స్ కట్టి వెళ్లాడు. పని శుభ్రంగానే ఉంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పక్కపక్కనే రెండు లైన్లు (ఎక్కడానికి ఒక పట్టా, దిగడానికి ఒక పట్టా), చుట్టుకు 90 మిల్లీమీటర్ల ఎత్తు, మొత్తం నాలుగున్నర చుట్లు. బయటి పట్టా వ్యాసార్థం 570, లోపలిది 505 మిల్లీమీటర్లు. ఈ అంకెలు ఎక్కడివని కాసేపు ఆలోచిస్తే తెలిసింది. ప్లైవుడ్ షీటు వెడల్పు నాలుగు అడుగులు. అందులో పట్టే అతి పెద్ద వృత్తం గీసి కోశాడు, షీటుకు రెండు చొప్పున. అంటే వ్యాసార్థాన్ని నిర్ణయించింది రైలు కాదు, షీటు. అతన్ని తప్పు పట్టలేను. అల్మారాకైతే నేనూ అలాగే ఆలోచిస్తాను.

ఆయనకు 12 పెట్టెల రైలు కావాలి. ఇంజిన్ 7 పెట్టెలతో మూలుగుతూ ఎక్కేది, 8 తగిలిస్తే ఆగిపోయేది. నేను వెళ్లేసరికి ఆయన మూడు పనులు చేసి చూశారు. ఆగిన చోట పట్టా మార్చారు, అది మూడుసార్లు. పట్టు పెరుగుతుందని ఇంజిన్‌లో సీసం ముక్కలు పెట్టారు, మోటారు వేడెక్కింది. చివరికి రెండో ఇంజిన్ తగిలించి 12 పెట్టెలనూ లాగించారు. అప్పుడు ముందున్న రెండు పెట్టెలు వంపు లోపలివైపుకు ఒరిగి పడిపోయాయి, పడుతూ మూడోదాన్నీ లాక్కుపోయాయి. పట్టాలు తప్పకుండా ఉంటాయేమోనని వెనక పెట్టెల్లో కూడా బరువులు వేశారట. దాంతో ఇంకా త్వరగా పడ్డాయి.

ఈ పడిపోవడం గురించి ముందే చెప్పేస్తాను. దారాన్ని ఒక గుండ్రటి అంచు చుట్టూ వదులుగా వేసి రెండు కొసలూ లాగితే అది లోపలికి జరిగి నిటారుగా అవ్వాలని చూస్తుంది. వంపులో ఉన్న రైలూ అంతే. వెనక ఎంత బరువు ఉంటే ముందు పెట్టెల మీద లాగుడు అంత ఎక్కువ. వంపు ఎంత బిగువుగా ఉంటే ఆ లాగుడులో అంత పెద్ద వాటా పక్కకు తిరుగుతుంది. వెనక పెట్టెలను బరువెక్కించి ముందువి తేలికగా వదిలేయడమంటే పడేవాటిని పడమని తోయడమే.

ఇక ఆగిపోయే సంగతి. నేను ఏమీ విప్పలేదు. 8 పెట్టెల రైలును నడపమన్నాను. ఆగిన చోట ఒక టేపు ముక్క అంటించి, వేలితో చిన్న సాయం చేసి మళ్లీ పోనిచ్చాను. తర్వాతి చుట్టులో ఆగింది, మళ్లీ టేపు. పైకి చేరేసరికి నాలుగు టేపు ముక్కలు, కిటికీ పక్కన, దండెం మీద బట్టల్లా ఒకదాని కింద ఒకటి నిలువు వరుసలో కనిపించాయి. పట్టా అతుకుల్లో లోపముంటే అవి తలా ఒక చోట ఉండాలి, ఇలా వరుస కట్టవు. అన్ని చుట్లలోనూ ఒకే వైపు తేడా ఉందంటే లోపం చుట్టుది కాదు, అది నిలబడిన పీటది.

ఇది మేడ మీద వాన నీళ్లు పోవడానికి వాలు పెట్టిన నేల. తర్వాత దాని మీద గది లేపారు. మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు పట్టి చూస్తే మీటరుకు ఒక సెంటీమీటరు వాలు తేలింది. అంటే 100కి 1 చొప్పున, 1 శాతం. అందువల్ల చుట్టులో ఒక వైపు ఎత్తు 1 శాతం తగ్గుతుంది, ఎదుటి వైపు 1 శాతం పెరుగుతుంది. కిటికీ పక్కన రైలు పోయే దిక్కూ నేల లేచే దిక్కూ ఒకటే. ఆయన మూడుసార్లు మార్చిన పట్టాలో ఏ దోషమూ లేదు.

డిగ్రీకి 0.04

పీట సరిచేస్తే చాలదా అని ఆయన అడిగారు. చాలదని నాకు తెలుసు, ఎందుకో ఆయనకు నచ్చేలా చెప్పడం తెలియలేదు. ఎక్కేది లోపలి పట్టా మీద. దాని చుట్టుకొలత 3.17 మీటర్లు, ఎత్తు 90 మిల్లీమీటర్లు, కాబట్టి 2.84 శాతం. “ముంబై, పుణె మధ్య భోర్ ఘాట్‌లో 37కి 1 ఉంది, అంటే 2.7. ఇది దానికంటే పిసరంత ఎక్కువ, అంతేకదా” అన్నారాయన. అక్కడ వెనక నుంచి తోసే బ్యాంకర్ ఇంజిన్లు లేనిదే బరువైన బండి ఎక్కదు కదా అన్నాను. ఒప్పుకున్నారు కానీ తృప్తి పడలేదు.

మోడల్ కట్టేవాళ్ల దగ్గర ఒక మోటు సూత్రం ఉంది. 32ను అంగుళాల్లో వ్యాసార్థంతో భాగిస్తే, ఆ వంపు ఎన్ని శాతం ఎత్తుతో సమానమో వస్తుంది. 505 మిల్లీమీటర్లు దాదాపు 20 అంగుళాలు. 32ను 20తో భాగిస్తే 1.6. అంటే 2.84 కాస్తా నిజానికి 4.4. ఈ సూత్రం చెప్పగానే ఆయన కళ్లద్దాలు సవరించుకుని, “ఇది ఎవరి లెక్క?” అన్నారు. రుజువు నా దగ్గర లేదన్నాను. అప్పుడు ఆయన క్యాలెండరు వెనక కాగితం తిప్పి రాయడం మొదలుపెట్టారు.

మన రైల్వేలో వంపును డిగ్రీల్లో చెబుతారు. 1750ని మీటర్లలో వ్యాసార్థంతో భాగిస్తే డిగ్రీలు. బ్రాడ్‌గేజ్‌లో ఎత్తు ఎక్కే చోట వంపు కూడా ఉంటే, డిగ్రీకి 0.04 శాతం చొప్పున ఆ ఎత్తును తగ్గించి పట్టా వేస్తారు, ఎందుకంటే వంపు కూడా ఇంజిన్‌కు ఎత్తులాగే తగులుతుంది. మన 505 మిల్లీమీటర్లను 87తో హెచ్చిస్తే 44 మీటర్లు. 1750ని 44తో భాగిస్తే దాదాపు 40 డిగ్రీలు. 40ని 0.04తో హెచ్చిస్తే 1.6.

ఇద్దరం ఆ కాగితాన్ని చూస్తూ కూర్చున్నాం. బ్రాడ్‌గేజ్‌లో 10 డిగ్రీలను మించిన వంపే వేయరు, కాబట్టి 40 డిగ్రీల దాకా ఆ నియమాన్ని సాగదీయడం న్యాయం కాదు. చిన్న రైలు ఇరుసు రాపిడికీ పెద్ద రైలు చక్రం అంచు రాపిడికీ పోలిక లేదు. అయినా ఏ వ్యాసార్థం తీసుకున్నా రెండు సూత్రాలూ దాదాపు ఒకే అంకె ఇస్తాయి. కావాలంటే మీరూ వేసి చూడండి. ఎందుకని నన్ను అడగకండి. నాకు అవసరమైన పని మాత్రం ఆ అంకె చేసింది. బయటివాళ్ల సూత్రాన్ని నమ్మని మనిషి, ముప్పై ఏళ్లు తాను నడిచిన నియమాన్ని నమ్మారు. “అయితే కూలగొట్టు” అన్నారు.

కొత్త కొలతలు

కూలగొట్టే ముందు ఇంకో దారి కూడా చూశాం. గోడల వెంట కొద్దికొద్దిగా ఎక్కించవచ్చు. 2 శాతంతో 400 మిల్లీమీటర్లు ఎక్కడానికి 20 మీటర్లు కావాలి, గది చుట్టుకొలత 13 మీటర్ల చిల్లర. ఒకటిన్నర ప్రదక్షిణ. నాకైతే అదే ఇష్టం. రైలు కళ్ల ముందే ఎక్కుతుంది. కానీ ఆ గది గుండానే మేడమీదికి దారి. తలుపుకు అడ్డంగా రెండుసార్లు పట్టాలు దాటాలి, వడియాలు ఎండబెట్టడానికి వచ్చే ఇంటావిడ ప్రతిసారీ వంగి దూరాలి. ఆ ప్రతిపాదన చాయ్ చల్లారేలోపే వీగిపోయింది.

హెలిక్స్‌కు ముందు మూడు కొలతలు తేల్చాలి. వ్యాసార్థం, చుట్టుకు ఎంత ఎత్తు, ఎటువైపు తిరగాలి. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు.

మన దగ్గర రైళ్లు ఎడమ పట్టా మీద పోతాయి. పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగే వైపు రైలు తిరుగుతూ ఎక్కితే దాని ఎడమ చేయి బయటివైపు ఉంటుంది. అంటే ఎక్కే రైలుకు పెద్ద వృత్తం, దిగే రైలుకు చిన్న వృత్తం. పాత హెలిక్స్ ఎదురు దిక్కున తిరిగింది. అందుకే ఎక్కే రైలుకు లోపలి బిగువు వంపు దక్కింది. పైసా ఖర్చు లేకుండా, కేవలం తిరిగే దిక్కు మార్చడంతోనే కొంత లాభం.

వ్యాసార్థం బయటి పట్టాకు 700, లోపలిదానికి 635 పెట్టాను. మధ్య 65 ఎందుకంటే, వంపులో పొడవాటి పెట్టె నడుము లోపలికి, కొసలు బయటికి జరుగుతాయి. పక్కపక్కనే రెండు రైళ్లు పోతుంటే బయటి రైలు నడుము, లోపలి రైలు కొస ఎదురుపడతాయి. పెట్టె వెడల్పు 37 మిల్లీమీటర్లు, దానికి ఈ రెండు జరుగుళ్లూ కలిపితే 51 దాకా వచ్చింది. మిగతాది నా భయానికి.

ఎత్తు విషయంలో ఆయనతో చిన్న వాదన జరిగింది. ఎలక్ట్రిక్ ఇంజిన్ పాంటోగ్రాఫ్ (పైనున్న కరెంటు తీగను తాకే చేయి) దించి ఉంటే ఈ స్కేలులో ఐదు సెంటీమీటర్లు మించదు. అలాంటప్పుడు చుట్టుకు 100 మిల్లీమీటర్లు దేనికి, 75 పెడితే ఎక్కే శాతం తగ్గుతుంది కదా అని ఆయన ప్రశ్న. ఆ సందు రైలు కోసం కాదు, వేళ్ల కోసం అన్నాను. హెలిక్స్ మధ్యలో పట్టా తప్పిన పెట్టెను తీయాలంటే చేయి దూరాలి. ప్లైవుడ్, పట్టా కింద పరిచే కార్క్, పట్టా మందం పోగా 80 మిల్లీమీటర్ల సందు మిగలాలి. అంతకంటే తగ్గితే ఒక్క పెట్టె కోసం నాలుగింటిని పడగొట్టుకోవాల్సి వస్తుంది. పాతదాంట్లో 18 మిల్లీమీటర్ల మందమే ఆ సందును మింగేసింది. కాబట్టి మందం 12కు తగ్గించి, చుట్టుకు 100 ఖాయం చేశాం. నాలుగు చుట్లు, 400 మిల్లీమీటర్లు. బయటి పట్టా చుట్టుకొలత 4.4 మీటర్లు, కాబట్టి ఎత్తు 2.27 శాతం, వంపు వల్ల 1.16, మొత్తం 3.43. పాతది 4.4, దాని మీద కిటికీ వైపు ఇంకో 1.

వలయం మాత్రం అడ్డంగా 1.49 మీటర్లకు పెరిగింది. నేల మీద సుద్దతో గీసి చూపిస్తే ఆయన ముఖం వాడిపోయింది. గదిలో ఆ మూల పూర్తిగా పోయింది. మధ్యలో మనిషి నిలబడి పనిచేసుకునేంత ఖాళీ వస్తుందని సర్దిచెప్పాను. ఆయన కింద నుంచి దూరి, నడుములు పట్టుకుని లేచి, సరేనన్నారు.

కట్టడం

అంత పెద్ద వలయం నాలుగు అడుగుల షీటులో పట్టదు కాబట్టి ముక్కలు అతకాలి. అతుకు కింద పట్టీ వేస్తే ఆ పట్టీ మందం మళ్లీ సందులో నుంచే పోతుంది. అందుకని 12 మిల్లీమీటర్ల షీటు వాడకుండా 6 మిల్లీమీటర్ల షీటును రెండు పొరలుగా వేశాను. ఒక్కో ముక్క చుట్టులో ఎనిమిదో వంతు; పై పొర అతుకు కింది పొర ముక్క నడిమధ్యలో పడేలా జరిపి ఫెవికాల్‌తో అతికించి బిగించాను. 64 ముక్కలు, మూడు షీట్లు. ఇటుక గోడ కట్టినట్టే. అతుకుల దగ్గర మడత పడకుండా వలయం మొత్తం ఒకే నునుపుతో లేస్తుంది. ఇందులో నాకు గర్వం ఉంది, దాచుకోను.

ఆధారానికి చెక్క దిమ్మెలు కాకుండా 8 మిల్లీమీటర్ల మర కడ్డీలు ఎంచుకున్నాను. హార్డ్‌వేర్ షాపులో థ్రెడ్ రాడ్ అని అడిగితే మీటరు పొడవువి ఇస్తారు. 45 డిగ్రీలకు రెండు చొప్పున మొత్తం 16. ప్రతిచోటా వలయం పైన ఒక నట్టు, కింద ఒక నట్టు. మామూలు 8 మిల్లీమీటర్ల మరలో నట్టు ఒక చుట్టు తిరిగితే 1.25 మిల్లీమీటర్లు కదులుతుంది. ఒక కడ్డీ నుంచి తర్వాతి కడ్డీకి మనకు కావలసింది 12.5 మిల్లీమీటర్లు. అంటే సరిగ్గా పది చుట్లు. చుట్టుకు 100 మిల్లీమీటర్లు అనుకున్నప్పుడు ఈ లెక్క నా బుర్రలో లేదు. తర్వాత కనబడి ఆ రోజంతా హుషారుగా గడిచింది. స్కేలు పెట్టి కొలిచే బదులు నట్టు తిప్పుతూ లెక్కపెట్టుకోవడమే.

మొదట్లోనూ చివర్లోనూ మాత్రం పది వద్దు. సమంగా ఉన్న పట్టా హఠాత్తుగా లేస్తే పెట్టెల కొక్కేలు ఒకదాన్నొకటి దాటి విడిపోతాయి. కాబట్టి మొదటి కడ్డీ దగ్గర 3 చుట్లు, రెండో దగ్గర 7, అక్కడి నుంచి 10. పైన చేరేటప్పుడు అదే తిరగేసి. అలా తగ్గిన ఎత్తును పై అంతస్తుకు చేరే ముక్కలో సర్దాను. పీట కింద కాళ్లకు సరిచేసుకునే బోల్టులు పెట్టి, లెవెల్ ట్యూబుతో సమం చేశాకే మొదటి కడ్డీ దింపాను.

వంపులో పట్టాను లోపలికి కాస్త వంచి వేయమని ఆయన అడిగారు, అసలు లైనులో రెండు కమ్మీల్లో వంపు బయటివైపుది ఎత్తి ఉంటుంది కాబట్టి. ఇక్కడ కాదన్నాను. అది వేగంగా పోయే బండి బయటికి విసురుగా జరగకుండా చేసే ఏర్పాటు. మన బండి నెమ్మదిగా, వెనక బరువుతో, లోపలికి ఒరగాలని చూస్తూ పోతుంది. ఒరిగేదాన్ని ఒరిగేవైపే వంచడం ఎందుకు?

నా తప్పులు రెండు

మొదటిది కడ్డీల చోటు. బయటి కడ్డీలను కేంద్రం నుంచి 730 మిల్లీమీటర్ల దగ్గర దించాను. ఆయన దగ్గరున్నవి ఐసీఎఫ్ అనే పాత రకం పెట్టెలు; అసలు పొడవు 21.3 మీటర్లు, ఈ స్కేలులో 24.5 సెంటీమీటర్లు. వంపులో దాని కొస 724 దాకా వస్తుంది. కడ్డీ అంచు 726. రెండు మిల్లీమీటర్లు చాలనుకున్నాను. దసరాకు ఆయన ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం పెట్టెల రేక్ (పూర్తి వరుస) ఒకటి కొన్నారు. దాని పొడవు 23.5 మీటర్లు, స్కేలులో 27 సెంటీమీటర్లు. కొస 726 దాటింది. ప్రతి కడ్డీ దగ్గరా టిక్కుమని తగులుతూ, కొత్త పెట్టెల రంగు గీరుకుంటూ ఎక్కింది ఆ రైలు. ఆయన ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

విప్పి మళ్లీ కట్టే ఓపిక ఇద్దరికీ లేదు. వలయం బయటి అంచుకు ప్రతి కడ్డీ దగ్గరా చెవుల్లా చిన్న ప్లైవుడ్ ముక్కలు అతికించి, కడ్డీలను 750కి జరిపాను. పది రోజుల పని, డబ్బు అడగలేదు. ఈ రోజుల్లో భారతీయ రైలు లేఅవుట్ కట్టేవారు చేతిలో ఉన్న పెట్టెను కాకుండా రేపు కొనబోయే ఎల్‌హెచ్‌బీ పెట్టెను కొలుచుకోవాలి.

రెండోది ఎండ. పట్టా వేసింది జనవరిలో. వంపులో అతుకుల దగ్గర కోణం పడకూడదని, దాదాపు 91 సెంటీమీటర్ల పట్టాలను నిటారుగా ఉండగానే టంకం వేసి ఆ తర్వాత వంచాను. అది మంచి పద్ధతే. కానీ మోజులో అన్ని అతుకులకూ వేసేశాను. ఏప్రిల్ నెలాఖరులో ఫోను. మూడో చుట్టులో పట్టా పాములా మెలిక తిరిగింది. రేకుల గది, చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలు, ఎండాకాలం మధ్యాహ్నం 48. ఆ తేడాకు నికెల్ సిల్వర్ పట్టా ముక్కకు అర మిల్లీమీటరు సాగుతుంది. ఒక్కో పట్టా 17 మీటర్లకు పైగా ఉంది, సాగడానికి ఎక్కడా చోటు లేదు.

“ఎండాకాలం గ్యాంగ్‌మన్‌లు పట్టా వెంట ఎందుకు తిరుగుతారనుకున్నావు?” అన్నారాయన. ఈసారి అనకుండా ఉండలేదు. ఒకటి వదిలి ఒకటి చొప్పున టంకం తీసేసి, అక్కడ 1.5 మిల్లీమీటర్ల సందు వదిలాను. రెండు పట్టాల సందులు ఒకేచోట పడకుండా జరిపాను. సందుకు అటూ ఇటూ స్లీపర్లను గట్టిగా బిగించాను, లేకపోతే వంపులో కొసలు బయటికి తిరుగుతాయి. కరెంటు అతుకుల మీద ఆధారపడకుండా ప్రతి ముక్కకూ విడిగా తీగ. సందుల మీద చక్రాలు టక్ టక్ మంటాయి. అతుకుల్లేని పట్టాలు వచ్చాక అసలు లైనులో పోయిన ఆ చప్పుడు వినడానికే ఆయన అప్పుడప్పుడు రైలు నడుపుతారని ఇంటావిడ చెప్పారు.

పరుగు

ఊహ మీద వదలకుండా లాగుడును కొలిచాం. ఇంజిన్‌కు దారం కట్టి, చిన్న కప్పీ మీదుగా వంటింటి డిజిటల్ త్రాసు మీది బరువుకు తగిలించి, చక్రాలు జారే దాకా లాగించాను. 400 గ్రాముల ఇంజిన్ 96 గ్రాముల బరువు దాకా ఎత్తగలిగింది. పెట్టెలను ఒక పలక మీద పెట్టి పలకను నెమ్మదిగా లేపితే 2 శాతం దగ్గర దొర్లాయి. చక్రాల ఇరుసులు శుభ్రం చేసి, ప్లాస్టిక్ చక్రాలు మార్చి లోహపువి వేశాక 1.25 శాతానికే దొర్లాయి. ఈ ఒక్క పని, వ్యాసార్థం పెంచినంత కాకపోయినా, దాదాపు అంత మేలు చేసింది. నేను దీన్ని ముందే చేయించాల్సింది. పెట్టెలు 110 నుంచి 190 గ్రాముల దాకా తలా ఒక బరువు ఉన్నాయి. అన్నిటినీ 150కి తెచ్చాం.

12 పెట్టెలంటే 1800 గ్రాములు. ఎత్తు, వంపు, దొర్లుడు కలిపి 4.68 శాతం, అంటే 84 గ్రాముల లాగుడు. ఇంజిన్ తన బరువు తాను ఎక్కించుకోవడానికి ఇంకో 14. మొత్తం 98, ఇంజిన్ చేతిలో ఉన్నవి 96. నడిపితే లెక్క చెప్పినట్టే రెండో చుట్టులో చక్రాలు జారాయి. 10 పెట్టెలకు 84 సరిపోతుంది. పది పెట్టెలు ఎక్కడా తడబడకుండా ఎక్కాయి. 12 కావాలంటే రెండో ఇంజిన్. ఈసారి రెండు ఇంజిన్లు పెట్టినా ఏ పెట్టే ఒరగలేదు.

ఆయన ఒక రోజు ఆలోచించి, ఒక్క ఇంజిన్‌కు పది అని నియమం పెట్టుకున్నారు. గది గోడకు దాన్ని రాసి కూడా అంటించారు, లోడు పరిమితి బోర్డులా.

మళ్లీ కడితే

రైలు దాటితే పసిగట్టి బయట లైటు వెలిగించే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు చుట్టుకు రెండేసి మొదటి రోజే పెడతాను. హెలిక్స్‌లోకి దూరిన రైలు దాదాపు రెండు నిమిషాలు కనబడదు. ఎక్కడుందో తెలియక ఆయన రెండుసార్లు వెనక నుంచి ఇంకో రైలును వదిలారు. ఇప్పుడు బయట ఎనిమిది చిన్న లైట్ల వరుస ఉంది. వలయం అంచున 20 మిల్లీమీటర్ల గోడ కూడా మొదటే కట్టాలి. మీటరు ఎత్తు నుంచి ఇంజిన్ నేల మీద పడ్డ చప్పుడు ఒకసారి వింటే చాలు. పట్టా తుడిచే పెట్టె ఒకటి రైలుకు తగిలించి తిప్పే ఏర్పాటు కావాలి, ఎందుకంటే రేకుల గదిలో బల్లులు ఎక్కడ ఏం వదులుతాయో చెప్పలేం.

దిగే దారి ఇంకా పూర్తిగా తీరలేదు. లోపలి పట్టా 2.5 శాతం. దిగేటప్పుడు వెనక పెట్టెలు ఇంజిన్‌ను తోస్తాయి, కొక్కేల మధ్య వదులు ఒకసారి దగ్గరపడి ఒకసారి సాగి రైలంతా వణుకుతుంది. చివరి పెట్టె ఇరుసుకు చిన్న స్పాంజి ముక్క రాపిడిగా పెడితే వణుకు ఆగింది. కానీ అదే పెట్టె ఎక్కేటప్పుడు పది గ్రాముల దాకా తినేస్తుంది. దాన్ని దిగే రైలుకే తగిలించి, కిందికి చేరాక విప్పి, చేత్తో పైకి మోసుకెళుతున్నారు ఆయన. గార్డు డబ్బా అని పేరు పెట్టారు.

గత మే నెలలో ఒక మధ్యాహ్నం వెళ్లాను. గదిలో నిలబడలేనంత వేడి. ఆయన తల మీద తడి తువ్వాలు కప్పుకుని, వలయం మధ్యలో నిలబడి, పట్టా సందుల్లో ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలుచని రేకులు) దూర్చి ఒక్కొక్కటీ కొలుస్తున్నారు. పక్కనే నోటుపుస్తకం, నెలకొక నిలువు గడి. జనవరి గడిలో 1.5 నుంచి 1.4 దాకా. మే గడిలో అతి ఇరుకైనది 0.4, నాలుగో చుట్టులో, కిటికీ వైపు.